గొళ్లెం మేస్త్రికి ఇరవై ఐదు ఉద్యోగాలు

"విమాన పరిశ్రమ పుణ్యమా అని మన ప్రాంతం ఇకమీదట నేల మీద నడవదు, ఎగురుతుంది" అని పరిశ్రమల మంత్రిగారు సోమవారం పొద్దున ప్రకటించారు. ఏడాదిలో వెయ్యి ఉద్యోగాలు ఇచ్చామనీ, ఆ వెయ్యిమందికీ శుక్రవారం స్వహస్తాలతో నియామక పత్రాలు అందిస్తాననీ కూడా సెలవిచ్చారు. అంతటివారు నోరు తెరిచి అన్నాక ఇవ్వక తప్పదు. కాకపోతే ఫ్యాక్టరీలో ఉన్నది నలభై మంది.

ఆ ఫ్యాక్టరీలో విమానం మరుగుదొడ్డి తలుపులకి గొళ్లేలు తయారవుతాయి. ప్రయాణం మూడు గంటలు దాటితే రెక్కలెంత ముఖ్యమో గొళ్లెమూ అంతేనని మంత్రిగారే ఒక సభలో అన్నారు. నలభై మందిలోనూ బాగా చెయ్యి తిరిగినవాడు గొళ్లెం మేస్త్రి. ఏడేళ్లుగా అదే బల్ల, అదే పని. తొంభై రోజులు వరసగా పనిచేసినవాణ్ని పర్మనెంటు చెయ్యాలని రూలుంది గనక, కంపెనీ అతన్ని ఎనభై తొమ్మిదో రోజు సాయంత్రం తీసేసి, ఒక్కరోజు ఇంట్లో కూర్చోబెట్టి, ఆ మర్నాడు కొత్తగా చేర్చుకునేది. చేరిన ప్రతిసారీ అదొక కొత్త ఉద్యోగం. ఉపాధి ఏటా నాలుగింతలు ఎలా పెరుగుతోందో అర్థంకాని మేధావులు ఈ చిన్న విషయం గమనించాలి.

అయితే ఈసారి మేస్త్రికి కాలు కాలుతోంది. పర్మనెంటు ఉద్యోగి అన్న కాగితం నెలాఖరులోగా చూపించాలనీ, లేకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాలనీ ఓనరు తెగేసి చెప్పాడు.

"నీకు ఉద్యోగం వచ్చిందని ఎన్నిసార్లు సంతోషించానో లెక్కే లేదు," అంది భార్య. "ఆకాశంలో ఎవరెవరో నీ గొళ్లెం పెట్టుకుని నిశ్చింతగా కూర్చుంటున్నారు. మనకి మాత్రం కుదురుగా కూర్చునే చోటు లేదు. ఒక్కసారి, ఉండిపోయే ఉద్యోగం తెచ్చుకోవయ్యా!"

గురువారం హెచ్చార్ మేనేజరు నలభై మందినీ పోగుచేశాడు.

"ఒక్కొక్కరూ ఇరవై ఐదుసార్లు. స్టేజీ ఎక్కండి, లెటర్ తీసుకోండి, వెనక మెట్లు దిగండి, టోపీ మార్చి మళ్లీ లైన్లోకి రండి."

"అది మోసం కాదాండీ?" అన్నాడు మేస్త్రి.

"ఎనభై తొమ్మిది రోజులకోసారి ఇస్తే రూలు, పది నిమిషాలకోసారి ఇస్తే మోసమా? స్పీడు పెంచాం. దాన్నే గ్రోత్ అంటారు." మేనేజరు గొంతు తగ్గించాడు. "ప్రోగ్రాం సాఫీగా జరగనీ. ఒక పర్మనెంటు పోస్టుంది. అది నీకే."

శుక్రవారం మంత్రిగారు అలుపెరగకుండా ఇచ్చారు. అయిదో రౌండులో మేస్త్రిని చూసి కళ్లు చికిలించారు.

"నిన్నెక్కడో చూసినట్టుందే?"

"ఇందాకేనండీ," అన్నాడు మేస్త్రి, అబద్ధం అలవాటు లేక.

"అది వాళ్లన్నయ్య సార్," మేనేజరు అందుకున్నాడు. "అచ్చుగుద్దినట్టుంటారు."

తొమ్మిదో రౌండులో మంత్రిగారు చెయ్యి వదల్లేదు. "ఇంతకీ మీ ఇంట్లో ఎంతమందయ్యా?"

"ఇప్పటికి తొమ్మిదిమందిమండీ."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. మైకు లాక్కున్నారు. "ఒకే ఇంట్లో తొమ్మిది ఉద్యోగాలు! ప్రతిపక్షం వాళ్లు జన్మలో ఇవ్వగలరా?"

చప్పట్లతో హాలు మారుమోగింది. పదో టోపీ కోసం మేస్త్రి గబగబా మెట్లు దిగాడు.

సాయంత్రం భార్య ఆ లెటర్లన్నీ మంచం మీద పరిచింది. "వీటిలో పర్మనెంటుదేది?"

"అది రేపిస్తారు."

"మరి వీటిమీదున్న ఇరవై ఐదుగురూ ఎవరు?"

"నేనే."

"ఒక్కడితోనే వేగలేక చస్తున్నాను," అంది ఆవిడ.

శనివారం ఎనిమిదింటికి గేటు దగ్గర కార్డు పెడితే ఎర్రలైటు వెలిగింది. గేటు కాపలా బావమరిదిదే.

"ఖాళీల్లేవు బావా."

"ఖాళీలేంట్రా! నా బల్ల అదిగో, కనిపిస్తుంటే!"

"నువ్వు పొద్దున్నే వచ్చేశావు బావా. ఇరవై ఐదుగురూ. మంత్రిగారి రిపోర్టులో హాజరు నూటికి నూరుండాలని ఆరింటికే వేసేశారు. ఇరవై ఆరోవాణ్ని వదిలితే నా ఉద్యోగం పోతుంది."

"ఒరేయ్, నేను మీ అక్క మొగుణ్ణిరా!"

"కాదన్నానా? ఎన్నో నంబరు మొగుడివో చెప్పు, చూస్తాను."

వెనక మిగతా ముప్ఫై తొమ్మిది మందీ పోగయ్యారు. లోపల వెయ్యిమంది పనిచేస్తున్నారు. చిన్న సుత్తి చప్పుడైనా లేదు.

ఇంతలో మేనేజరు అటు వచ్చాడు. మేస్త్రి ఊచలు పట్టుకున్నాడు. "సార్! పర్మనెంటు అన్నారు..."

"అన్నాను. కాదనను. కానీ పోస్టు ఒకటి, మీరు ఇరవై ఐదుగురు. ఒకడికిస్తే మిగతా ఇరవై నలుగురూ కోర్టుకెక్కరూ? ముందు మీలో మీరు ఒక మాట మీదికి రండి." వాచీ చూసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

బావమరిది గేటు దగ్గరగా వేశాడు. గొళ్లెం పడలేదు. రెండుసార్లు లాగాడు. జారిపోయింది.

"స్క్రూ వదులైందిరా," అన్నాడు మేస్త్రి. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, ఊచల్లోంచి చెయ్యి దూర్చి, రెండు తిప్పులు తిప్పాడు. "ఇప్పుడు లాగు."

టక్కున పడింది.

"అబ్బ, ఏం పనితనం బావా!" అన్నాడు బావమరిది లోపలి నుంచి. "నీలాంటివాడు ఫ్యాక్టరీలో ఉండాలి."