తౌకేని చంపిందెవరు?

ఆ శనివారం పొద్దున యేసుదాసు చెయ్యవలసిన పని ఒక్కటే. మనవాళ్ళ కొట్లన్నీ ఉండే బ్రిక్‌ఫీల్డ్స్ పేటకి వెళ్ళి పూలూ, మైసూర్‌పాకూ కొనుక్కుని, మధ్యాహ్నానికి అక్క పౌలిన్ ఇంట్లో పుట్టినరోజు భోజనానికి హాజరవడం. హాజరయ్యాక నోరు మూసుకుని తినడం. ఈ రెండో భాగం అతని భార్య సెరీనా కలిపింది.

"ఇదిగో, ముందే సెప్తన్నాను," అంది కార్లో కూర్చుంటూ. "ఆ టీవీ కత ఎత్తినారంటే నేను లేచి ఇంటికెళ్ళిపోతాను. క్రిస్మస్ నుంచీ మీ అక్క మాటాడట్లేదు. ఈయాళ కొడుకు సేత పిలిపించిందంటే దేవుడి దయ లా." ఆ ఊళ్ళో మాటల చివర ఈ "లా" ఒక ఊతపదం.

"నేనేటి ఎత్తుతాను? ఆమే ఎత్తుతాది."

"ఆమె ఎత్తితే మీరు దించండి."

అది నలభై ఏళ్ళ నాటి గొడవ. బాగన్ దాతుక్ వైపు ఒక కొబ్బరి ఎస్టేటులో పుట్టి పెరిగారు ఆ అక్కాతమ్ముళ్ళు. ఎస్టేటు మొత్తానికీ ఒకటే టీవీ, హాల్లో, తలుపులున్న చెక్కపెట్టెలో ఉండేది. శుక్రవారం రాత్రి ఆ తలుపులు తెరిచారంటే తెలుగు కూలీల ఇళ్ళ లైన్లన్నీ చాపలు చంకన పెట్టుకుని వచ్చేసేవి. అప్పట్లో తమిళంలో ఒక పోటీ కార్యక్రమం వచ్చేది. ముందు నాటకం, అందులో ఒక హత్య. ఆ తర్వాత స్టూడియోలో కూర్చున్న పోటీదారులు నాటకంలోని పాత్రల్నే నిలబెట్టి ప్రశ్నలడిగి హంతకుణ్ణి పట్టుకోవాలి. పట్టుకున్నవాళ్ళకి రైస్ కుక్కరు.

ఆ నాటకంలో తలుపు వేస్తే గోడ ఊగేది. ఇన్‌స్పెక్టరు తుమ్మితే మీసం జారేది. చాపల మీది ముసలమ్మలు అనుమానం ఉన్నవాళ్ళందర్నీ పేరుపేరునా తిట్టేవారు. యేసుదాసుకి అంతటి కళ మళ్ళీ ఏ తెరమీదా కనబడలేదు. ఇప్పటి క్రైమ్ సీరియల్ ఎవరైనా పెడితే కాసేపు చూసి, "గోడ ఊగదు, పాడూ లేదు, ఇదేటి సీరియలు?" అని లేచిపోతాడు.

ఆఖరి కథ వారాల తరబడి సాగింది. ఒక తౌకే, అంటే బంగళా ఉన్న పెద్ద వ్యాపారి, విషం తిని పోయాడు. అనుమానం ఇద్దరి మీద మిగిలింది. ఒకడు డాక్టరు, ఒకడు డ్రైవరు. చివరి శుక్రవారం వెడల్పాటి కాలరు చొక్కా వేసుకున్న వ్యాఖ్యాత లేచి, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి, చెప్పి, చెప్పి, చివరికి వేలెత్తి, "హంతకుడు..." అన్నాడు. సరిగ్గా అప్పుడే ఎస్టేటు జనరేటరు ఆపే వేళయింది.

మర్నాడు పక్క ఎస్టేటులో అడిగితే సగం మంది డాక్టరన్నారు, సగం మంది డ్రైవరన్నారు. ఆ టేపులు ఇప్పుడెక్కడా లేవట. యేసుదాసు డాక్టరంటాడు, పౌలిన్ డ్రైవరంటుంది. మొన్న క్రిస్మస్‌కి మాటా మాటా పెరిగి, తాను వండి తెచ్చిన కోడికూర గిన్నెతో సహా పౌలిన్ వెళ్ళిపోయింది. అప్పటికి ఎవరూ వడ్డించుకోలేదు కూడా.

బ్రిక్‌ఫీల్డ్స్‌లో సెరీనా చీరల కొట్టులో దూరింది. అదెంతసేపో తెలిసిన యేసుదాసు పక్కనున్న అరిటాకు భోజనం హోటల్లో టీ తాగుదామని కూర్చున్నాడు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన, మందపు కళ్ళద్దాలు, పక్క పాపిడి, పొద్దున్నే అన్నం పెట్టించుకుని తింటున్నాడు. యేసుదాసు చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆ కళ్ళద్దాలు, ఆ పాపిడి! జుట్టు తెల్లబడింది గానీ మొహం అదే. తౌకే నాటకంలోని మొహం. డాక్టరు!

సెరీనాకిచ్చిన మాట గుర్తొచ్చింది. కానీ టీవీ కథ ఎత్తనన్నాడే గానీ, టీవీ కథే ఎదురుగా వచ్చి కూర్చుంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు కదా. ఫోను తీసి, అక్క ఫోటో చూసి నొక్కి, పక్కవాడికి వినబడకుండా గుసగుసగా రికార్డు చేసి పంపాడు.

"అక్కా... బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉన్నాను. ఆడు నా పక్కనే కూకున్నాడు. తౌకేకి ఇసం పెట్టి సంపినోడు. నన్ను సూసి నవ్వుతున్నాడు. ఈయాళ ఒగ్గను. నిజం తేల్చేస్తాను."

అక్క ఫోటో అక్క నంబరుకే ఉంటే బాగుండేది. పుట్టినరోజని పొద్దున్నే మేనల్లుడు కెల్విన్ అదే ఫోటోని కుటుంబం గ్రూపుకి కూడా పెట్టాడు.

గ్రూపులో పెద్దవాళ్ళంతా వంటల్లో ఉన్నారు. ముందుగా విన్నవాడు కెల్విన్. అతనికి తెలుగు అర్థమవుతుంది, అర్థమైనంత మేరకు. పౌలిన్ ఉల్లిపాయలు తరుగుతుంటే పరుగెత్తుకుని వచ్చాడు.

"అమ్మా, మామయ్యని మర్డరర్ పట్టుకున్నాడు! నవ్వుతున్నాడంట! ఒగ్గడంట!"

"ఎవరొగ్గడు?"

"మర్డరర్ లా! మామయ్య భయంతో గుసగుస మాటాడుతున్నాడు!"

పౌలిన్ కత్తి పక్కన పడేసి తమ్ముడికి ఫోన్ చేసింది. క్రిస్మస్ తర్వాత ఇదే మొదటి ఫోను. యేసుదాసు అక్క పేరు చూసి మురిసిపోయి, నిజం తేలాకే చెబుదామని కట్ చేశాడు. ఆమె మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి ఫోనే ఆపేశాడు.

"ఫోను లాక్కున్నాడు!" అని పౌలిన్ గోలెత్తింది. ఉన్నపళంగా కెల్విన్ చేత కారు తీయించింది. దారిలో చర్చి ప్రార్థన గ్రూపు నడిపే పిన్ని పాపాయికి ఫోన్ చేసి, తమ్ముడి ప్రాణం కోసం ప్రార్థన చెయ్యమంది. పాపాయికి చెవి కాస్త మందం. ఏడుపు వినబడింది, హంతకుడన్న మాట వినబడింది, ప్రార్థన వినబడింది. మిగతాది ఆమె అనుభవంతో పూరించుకుంది.

అదే సమయంలో హోటల్లో యేసుదాసు తన కుర్చీని పెద్దాయన బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"అయ్యా, తమరు ఎనకటికి టీవీలో... ఆ తౌకే నాటకంలో..."

పెద్దాయన ముద్ద దించి, కళ్ళద్దాలు సర్దుకుని, అతన్ని చూసిన చూపులో దీపాలు వెలిగాయి.

"అడడా! నేనే తంబీ, నేనే! చిన్నతంబి నా పేరు. మా అమ్మ మీ తెలుగే, ఆమెది బటాంగ్ బెర్జుంటై ఊరు. ఇన్నేళ్ళలో నన్ను గుర్తు పట్టినోడు నువ్వొక్కడివే. నా పెళ్ళామే నమ్మలేదు!"

"గోడ ఊగేది, గురుతుందా?"

"ఊగదా మరి? అట్ట గోడ! ఎనకాల ఒకడు పట్టుకుని నిలబడేవాడు. ఆడికి దగ్గొస్తే అయిపోయినాం."

"ఇన్‌స్పెక్టరు మీసం?"

"జిగురు కాదు తంబీ, అన్నం మెతుకులు! లైట్ల వేడికి ఎండి రాలిపోయేది."

యేసుదాసుకి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. మెతుకులట! నలభై ఏళ్ళు తెలియకుండా బతికాడు. ఇద్దరూ కాసేపు ఊగిన గోడల గురించీ, రైస్ కుక్కరు గెలిచి ఏడ్చిన టీచరమ్మ గురించీ మాట్లాడుకున్నారు. ఇక అసలు సంగతికి రాక తప్పలేదు. ఆ వేళకి హోటల్లో జనం పెరిగి గోలగా ఉంది. పెద్దాయనకి వినబడాలని యేసుదాసు గొంతు చించుకుని అరిచాడు.

"నిజం సెప్పండి! తౌకేని సంపింది మీరేనా?"

హోటలంతా తలలు తిప్పింది. సాంబారు బకెట్టు పట్టుకున్నవాడు అలాగే నిలబడిపోయాడు. సాంబారు మాత్రం ఆగకుండా ఒకాయన ఆకు నిండి బల్ల మీదికి పారింది.

అప్పుడే చీరల కొట్టులోంచి కేక వినబడింది. సెరీనా ఫోనులో పాపాయి పెట్టిన సందేశం మోగుతోంది. "మన బిడ్డ యేసుదాసుని హంతకుడు పొట్టన పెట్టుకున్నాడు. ఆడి ఆత్మని ప్రభువు సేర్చుకోవాల. సెరీనాకి ధైర్యం ఇయ్యాల." సెరీనా భుజం మీద వేసుకుని చూస్తున్న పట్టుచీరతోనే వీధిలో పడింది. ఎదురైన పోలీసుని చొక్కా పట్టి లాక్కొచ్చింది. ఆ పోలీసు పేరు శరవణ్. హోటల్లోకి వచ్చేసరికి చనిపోయిన భర్త టీ తాగుతున్నాడు.

సెరీనా భర్తని తడిమి చూసింది. బతికే ఉన్నాడు. వెంటనే వీపు మీద రెండు వేసింది.

"ఎవరక్కడ హత్య అన్నది?" శరవణ్ తమిళంలో గద్దించాడు. హోటలంతా ఏకంగా పెద్దాయన వైపు చూపించింది.

"ఎవర్ని చంపారు?"

"తౌకేని," అన్నాడు యేసుదాసు.

"ఎప్పుడు?"

"నేను సిన్నప్పుడు సార్."

"శవం ఎక్కడ?"

చిన్నతంబి ఎంగిలి చెయ్యి పైకెత్తాడు. "నేనే."

శరవణ్ టోపీ తీసి బల్ల మీద పెట్టి, తానూ ఒక కుర్చీ లాక్కున్నాడు.

"నేను డాక్టర్ని కాను తంబీ," అన్నాడు చిన్నతంబి, యేసుదాసు మొహం చూసి జాలిపడుతూ. "ఎవరు సెప్పినారు నీకు? గోడ మీద దండేసిన ఫోటో ఉండేది కదా, తౌకే ఫోటో. అది నేను. అన్ని వారాలూ కనబడినాను. ఒక్క మాట ఇయ్యలేదు నాకు."

"అయితే... సంపిందెవరు?"

"నాకేటి తెలుసు? నేను అప్పటికే సచ్చిపోయినాను కదా."

"ఆఖరి శుక్రవారం మీరైనా సూడలేదా?"

"మా ఇంట్లో టీవీ ఏది?"

యేసుదాసు నీరుగారిపోయాడు. అదే క్షణాన పౌలిన్ ఉల్లి కన్నీళ్ళూ, అసలు కన్నీళ్ళూ కలిసి కారుతుండగా వచ్చిపడింది. తమ్ముణ్ణి చూసి, "ఒరే దాసూ!" అని మెడ పట్టుకుని ఏడ్చింది. విషయమంతా కెల్విన్‌కీ, కెల్విన్ నుంచి ఆమెకీ తెలిసేసరికి ఇంకాస్త ఏడ్చింది. క్రిస్మస్ నాటి కోడికూర గిన్నె తల్చుకుని యేసుదాసూ ఏడ్చాడు.

"అక్కా, నాకేటీ ఒద్దు. నువ్వే రైటు. డ్రైవరే సంపినాడు."

పౌలిన్ పైటతో ముక్కు తుడుచుకుంది. "లేదురా. కార్లో ఒస్తా దేవుడికి మాటిచ్చినాను, నువ్వు బతికుంటే నీ మాటే ఒప్పుకుంటానని. డాక్టరే సంపినాడు."

"కాదక్కా, డ్రైవరే."

"డాక్టరేరా. దేవుడికి మాటిచ్చినాను."

"డాక్టరెలా సంపుతాడు? ఆడి సేతిలో బేగు కూడా లేదు!"

"బేగు కుర్సీ కింద ఉందని నువ్వే సెప్పినావు కదరా ఇన్నాళ్ళూ!"

"సెప్తే? ఇసం కాఫీలో ఉందని నువ్వు సెప్పలేదా? కాఫీ తెచ్చిందెవరు? డ్రైవరు!"

"మూర్ఖుడా, డాక్టరే!"

సెరీనా కొట్టువాళ్ళ పట్టుచీర నెత్తిన కప్పుకుని కూర్చుండిపోయింది. శరవణ్, కాఫీ ఎవరు తెచ్చారో మళ్ళీ ఒకసారి మొదట్నుంచీ చెప్పమన్నాడు. హత్యకు గురైన పెద్దమనిషి మాత్రం వాళ్ళందరి మధ్యా నిమ్మళంగా కూర్చుని, ఇంకొంచెం రసం పొయ్యమన్నాడు.