వేడి వాయనం

ఇంట్లోంచి తీసేసిన వేడిని ఎవరికి అప్పగించారో చూపిస్తే తప్ప ఇంటిపన్నులో చల్లదనం రాయితీ ఇవ్వరు కాబట్టి, సత్యవేణి తన ఇంటి వేడినంతా రెండు గోనెసంచుల్లో కుక్కి, మూతులు కుట్టించి, వరండాలో గోడకు ఆనించి ఉంచింది. ఒకటి పడగ్గదిది, రెండోది హాలుది. వంటింటి వేడికి రాయితీ వర్తించదు. అక్కడ ఉండేది ఆడవాళ్లే గనుక ఆ వేడి సహజమైనదని నిబంధనల్లోనే రాశారు.

కిందటి వేసవిలో ఆమె భర్త వీర్రాజు వడదెబ్బ తగిలి మంచాన పడ్డాడు. లేచాక ఇద్దరూ సొసైటీలో అప్పు తీసుకుని డాబాకు తెల్లరంగు వేయించారు, పడగ్గదికి ఫైవ్‌స్టార్ ఏసీ పెట్టించారు. రాయితీ వస్తే వాయిదాలు గట్టెక్కుతాయి. రాకపోతే సొసైటీవాళ్లు ఏసీ ఊడదీసుకుపోతారు. ఏసీ లేకుండా ఇంకో వేసవి గడవదని డాక్టరు చెప్పాడు. ఏసీ అమ్మిన షాపువాడు అంతకుముందే చెప్పాడు.

పురపాలక సంఘంలో ఉష్ణ విభాగం గుమాస్తా కోటిలింగం మర్యాదస్తుడు. ఆమెను కూర్చోమని, దరఖాస్తు మొత్తం చదివి, ఒక్క గడి దగ్గర ఆగాడు.

"ఎవరికిస్తున్నారో రాయలేదేంటమ్మా?"

"గోదాట్లో కలిపేస్తే కుదరదాండి?"

"గోదావరి నీటిపారుదల వాళ్లదండి. వాళ్ల వేడే వాళ్లకి ఎక్కువైపోయిందంట."

"పోనీ, పైకి వదిలేస్తే?"

"ఆకాశం కేంద్రం పరిధిలోదమ్మా. మనం ముట్టుకోకూడదు."

తరవాత ఆయన ఓపిగ్గా వివరించాడు. పుచ్చుకునేవారు అదే వార్డులో ఉండాలి. వాళ్లకి ఏసీ ఉండకూడదు, ఉంటే ఆ వేడినే మళ్లీ బయటపెట్టి వాళ్లూ రాయితీ అడుగుతారు. అన్నిటికన్నా ముఖ్యం, ఇష్టపడి పుచ్చుకోవాలి. ఇష్టం లేనివాళ్లకి అంటగడితే వేడి నిలవదు. ఆ మధ్య ఒక వకీలుగారు తన సంచుల్ని బస్టాండులో వదిలేసి వస్తే, తెల్లారేసరికి ఆ వేడి ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఆయన మంచం మీదే పడుకుంది. వస్తూ వస్తూ బస్టాండు వేడిని కూడా వెంటబెట్టుకొచ్చింది.

"మీ వీధిలో ఏసీ లేనివాళ్లెవరున్నారమ్మా?"

బుర్ర బద్దలు కొట్టుకోవలసిన ప్రశ్న కాదు. ఉన్నది ఒక్కతే. వీధి చివర రేకుల ఇంట్లో అప్పడాలు చేసి అమ్ముకునే మంగతాయారు.

"ఆవిడకి మా వీధంతా ఇచ్చేశారు కదండీ. ఇంకా ఎక్కడ పడుతుంది?"

"రేకుల ఇంటికి పరిమితి లేదమ్మా. కొలుద్దామని మా ఇనస్పెక్టరు మిషను పట్టుకెళ్లాడు. గుమ్మంలో పెట్టగానే అది ఆగిపోయింది. కొలవలేనిదానికి హద్దేం పెడతాం చెప్పండి."

"ఆవిడ కూతురు పురిటికొచ్చిందండీ. ఇంట్లో పసిగుడ్డు ఉంది."

కోటిలింగం నిజంగానే నొచ్చుకున్నాడు. పసిపిల్లలకు వేరే నిబంధన ఉండకపోతుందా అని పుస్తకం తిరగేశాడు. ఉంది. బిడ్డ సంతకం పెట్టలేదు కాబట్టి వేడి పుచ్చుకున్నట్టు కాదు. పుచ్చుకోలేదు కాబట్టి బిడ్డకు వేడి తగిలినట్టు లెక్కలోకి రాదు. ఆయన మనసు తేలికపడింది.

"ఆవిడ ఇష్టపడుతుందంటారా?" అని అడిగింది సత్యవేణి.

"మీ వీధి ఆడవాళ్లంతా వాయనంగా ఇచ్చారమ్మా. పేరంటానికి పిలిచి పెట్టిన వాయనం ఎవరు కాదంటారు? శాస్త్రానికి శాస్త్రం, నిబంధనకి నిబంధన."

సత్యవేణి చెడ్డమనిషి కాదు. ఆ మాటకొస్తే ఆ వీధిలో చెడ్డవాళ్లెవరూ లేరు. ఆమె ఇంటికొచ్చి కొన్నాళ్లు ఊరికే కూర్చుంది. ఈలోగా సంచుల కుట్లు వదులయ్యాయి. గుమ్మం పక్కనున్న మనీప్లాంటు మాడిపోయింది. ఒక మధ్యాహ్నం వీర్రాజు పేపరు చదువుకుందామని వరండాలోకి వచ్చి, కుర్చీలోంచి మళ్లీ లేవలేకపోయాడు. ఇద్దరు ముగ్గురు పట్టి లోపల పడుకోబెట్టారు. ఆయన చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలింది. ఆ సాయంత్రమే కుంకుమ భరిణె పట్టుకుని వీధి చివరికి వెళ్లి, శుక్రవారం పేరంటానికి రమ్మని బొట్టు పెట్టి పిలిచింది.

మంగతాయారు ఉతికిన చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. వరండాలో పీట వేసి కూర్చోబెట్టి, సత్యవేణి ఆమె కాళ్లకు పసుపు రాసింది. మెడకు గంధం పూసింది. పళ్లెంలో తాంబూలం, నానబెట్టిన సెనగలు, రవికెల గుడ్డ పెట్టింది. పక్కనున్న సంచులకు కూడా నాలుగు మూలలా పసుపు అద్దింది.

"పాతికేళ్ల బట్టీ ఈ వీధిలోనే ఉంటన్నానమ్మా. ఒక్కరన్నా పేరంటానికి పిలిచిన పాపాన పోలేదు. ఈ యేడు చూడండి, ఏ శుక్కురారం ఖాళీ లేదు. మా నాగమణి అంటది, అమ్మా నీకు పలుకుబడి పెరిగిపోయిందే అని."

ఎత్తిపొడుపేమోనని సత్యవేణి ఆమె మొహంలోకి చూసింది. కాదు. నిజంగానే సంతోషపడుతోంది. ఎత్తిపొడుపైనా బాగుండేదనిపించింది సత్యవేణికి.

"ఇస్తినమ్మ వాయనం," అంది కొంగు కప్పి.

"పుచ్చుకుంటినమ్మ వాయనం," అంది మంగతాయారు కొంగు పట్టి.

మూడుసార్లు అనుకున్నాక మంగతాయారు కోటిలింగం ఇచ్చిన కాగితం మీద వేలిముద్ర వేసింది. సంచుల్లో కదలిక ఆగిపోయింది. వేడి ఆమెదైపోయింది.

"పాప ఎలా ఉంది తాయారూ?"

"ఏడుత్తందమ్మా. ఒళ్లంతా చెమటకాయలు పేలిపోయేయి. తడిగుడ్డ కప్పుతున్నాం గానీ, కప్పినది కప్పినట్టే ఆరిపోతంది."

"మధ్యాహ్నంపూట తెచ్చి మా గదిలో పడుకోబెట్టుకోండి," అనేసింది సత్యవేణి.

"అమ్మో, వద్దమ్మా! పుచ్చుకున్నోళ్లు మళ్లీ మీ గడప తొక్కితే వేడి ఎనక్కొచ్చేత్తదంట, ఇనస్పెక్టరుగారు చెప్పేరు. అయ్యగారి పాణం మీదకి తెత్తామా?"

సత్యవేణికి గుండెల మీంచి బరువు దిగిపోయింది. దిగినందుకు సిగ్గేసింది. అయినా ఆ మాట రెండోసారి అనలేదు. మంగతాయారు ఒక సంచి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

రాయితీ ఉత్తర్వు వచ్చింది. ఏసీ నిలిచింది. వీర్రాజు వేళకు తింటున్నాడు, వేళకు పడుకుంటున్నాడు, మొహం తేటపడింది. ఒక్కటే ఇబ్బంది. మధ్యాహ్నం కాస్త కన్ను మూతపడే వేళకు వీధి చివరి నుంచి బిడ్డ ఏడుపు. ఆయన ఉలిక్కిపడి లేచేవాడు. సత్యవేణి అయితే అసలు పడుకోవడమే మానేసింది.

ఆమె మళ్లీ కోటిలింగం దగ్గరకు వెళ్లింది. ఏడుపు తమ విభాగంలోకి రాదని ఆయన విచారం వెలిబుచ్చాడు. కానీ శబ్దం దూరే సందులోంచి చల్లదనం పోతుందనీ, రెండు అద్దాల కిటికీలు పెట్టిస్తే అదనపు రాయితీ ఉందనీ చెప్పి, కొత్త దరఖాస్తు ఆయనే నింపిపెట్టాడు. కిటికీల వేడి పెద్దగా రాలేదు, చిన్న మూటంత. దాన్ని తరవాతి శుక్రవారం వీధి చివరికే పట్టుకెళ్లి, వాయనంలో సెనగలతో పాటే ఇచ్చేశారు.

కిటికీలు బిగించిన మర్నాడు వీర్రాజు భోజనం చేసి నడుం వాల్చాడు. కాసేపు చెవులు రిక్కించి విన్నాడు.

"తాయారు మనవరాలు ఏడుపు మానేసినట్టుందే?"

సత్యవేణి కిటికీలోంచి చూసింది. రేకుల ఇంటి ముందు ఎండలో మంగతాయారు బిడ్డను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. బిడ్డ నోరు బార్లా తెరిచి కాళ్లు తన్నుకుంటోంది.

"మానేసిందండీ," అంది సత్యవేణి, చలి పెడుతుందేమోనని దుప్పటి ఆయన మెడదాకా కప్పుతూ.