న్యాయంగారి ఐదు గదులు

ఆ ఉదయం దర్జీ ఇంట్లో అనుకున్న పని ఒక్కటే. వెనక గదికి సున్నం వేయించడం. తాపీపని చేసే బావమరిది బకెట్టూ కుంచే పట్టుకుని పొద్దున్నే దిగాడు. దర్జీ భార్య చెల్లెలి ఇంటికి బయలుదేరుతూ గుమ్మంలో ఆగింది.

"సాయంత్రం వచ్చేసరికి నా గది తెల్లగా మెరవాలి. ఇంకేమీ ముట్టుకోవద్దు. ఒరేయ్ తమ్ముడూ, నీకే చెప్తున్నా. మీ బావ మాట వినకు."

ఆ గది ఆవిడకి ప్రాణం. పెళ్ళయిన ఇన్నేళ్ళకి, తలుపేసుకుని తన మానాన తాను కూర్చునే చోటు ఒకటి దొరికింది. అందులో ఉంటే మిషను చప్పుడు వినపడదు, మొగుడి ఉపన్యాసాలు వినపడవు.

ఆయన ఉపన్యాసాలు అలాంటివి. రెండు మాటలకోసారి న్యాయం అంటాడు. చొక్కాకి జేబు కుడుతూ కూడా, "కుడిదానికెంతో ఎడమదానికీ అంతే, అదీ న్యాయం" అంటాడు. అందుకని వీధి వీధంతా ఆయన్ని న్యాయంగారనే పిలుస్తుంది. ముందురోజు మునిసిపాలిటీవాళ్ళు సభ పెట్టారు. ఖజానా ఖాళీ అయింది, పన్నులు పెంచమంటారా, ఖర్చులు తగ్గించమంటారా అని అడిగారు. న్యాయంగారు లేచాడు.

"పెంచండి! కానీ అందరికీ కాదు. పెద్ద ఇళ్ళవాళ్ళకి రెట్టింపు వేయండి. ఉన్నవాడు ఎక్కువ మోయాలి. అదీ న్యాయం!"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు చాలనుకుని ఆయన ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాడు.

తెల్లారి బావమరిది సున్నం కలుపుతుంటే, పక్కింటి పిండిమర యజమాని ప్రహరీ మీంచి తల పెట్టాడు. సభలో ఖర్చులే తగ్గించాలని గొంతు చించుకున్నది ఈయనే.

"అన్నయ్యా, మీ మాట నెగ్గింది. ఐదు గదులు, ఆపైన ఉన్న ఇళ్ళకి రెట్టింపు పన్ను. చేతులెత్తేదాకా ఉండి మరీ వచ్చాను. నా మాటా నెగ్గిందనుకోండి, ఖర్చులు కూడా తగ్గిస్తారట. కొలతలకి ఇవాళే మనిషి వస్తుంది. మన వీధితోనే మొదలు."

"రానీ! నీలాంటివాళ్ళకి తెలిసొస్తుంది."

"నాదేముంది, మూడు గదులు. కాకపోతే కాస్త పెద్దవి."

"కాస్తా? నీ ముందుగదిలో లారీ తిరుగుతుంది!"

"లారీ తిరిగినా గది ఒక్కటే కదా. మరి మీవెన్ని?"

న్యాయంగారు వేళ్ళు మడిచాడు. కుట్టుగది. పడకగది. వంటిల్లు. సామాన్ల గది. వెనక గది. చెయ్యి కాస్తా పిడికిలైంది. ఆ పిడికిలి వేరెవరిదో అయినట్టు దానివంక చూస్తూ ఉండిపోయాడు.

"నేనా? నేను ఉన్నవాణ్ణా?"

"మీరు చెప్పిన లెక్కే కదా."

"మా సామాన్ల గదిలో మనిషి పక్కకి తిరిగితే గాని పట్టడు! ఇదేం న్యాయం?"

"ఆ మాట నిన్న అడగాల్సింది అన్నయ్యా."

బావమరిది కుంచె పక్కన పెట్టాడు. "దీనికింత కంగారెందుకు బావా? వంటింటికీ సామాన్ల గదికీ మధ్య గోడ తీసేస్తే నాలుగే గదులు. పైకప్పు రేకులన్నీ బయటి గోడల మీదున్నాయి, లోపలివి ఉత్త అడ్డాలు."

"మీ అక్క ఇంకేమీ ముట్టుకోవద్దందిగా."

"సున్నంతో ముట్టుకోవద్దంది. సుత్తి సంగతి ఎత్తలేదు."

న్యాయంగారికి అది సబబుగానే తోచింది. మూడు దెబ్బలు పడ్డాయి. గోడ ఇన్నాళ్ళూ ఎవరైనా అడుగుతారా అని చూస్తున్నట్టు, అడగ్గానే కూలింది. పోతూ పోతూ పడకగది గోడని కూడా వెంటబెట్టుకుపోయింది. ముగ్గురూ నోళ్ళు తెరిచారు. ముగ్గురి నోళ్ళలోకీ దుమ్ము పోయింది.

"సిమెంటు ఎంత కలిపించావు బావా?" అన్నాడు బావమరిది దగ్గుతూ.

"అప్పట్లో... కొంచెం ఖర్చు తగ్గించాను."

"ఖర్చు తగ్గించడం పాపమని నిన్న సభలో..." అని మొదలుపెట్టాడు పిండిమరాయన.

"నోర్ముయ్!"

ఆయన నోరు మూసేలోపు రెండో గోడలోని నీళ్ళ గొట్టం నోరు తెరిచింది. నీళ్ళు ఎగజిమ్మాయి. నీళ్ళు కట్టేసే కుళాయి తిప్పుడు చూస్తే కుట్టుగది గోడలో బిగించిన బీరువా వెనక ఉంది. నేల మీద గిరాకీల బట్టలు గుట్టగా ఉన్నాయి. మరాయన ప్రహరీ దూకొచ్చాడు. వాదం వాదమే, సాయం సాయమే. బట్టలన్నీ చంకన పెట్టుకుని తడవని చోటని వెనక గదిలోకి పరుగెత్తాడు. బావా బావమరుదులు బీరువాని పట్టి లాగారు. బీరువా వచ్చింది. దాని వెనకే గోడా వచ్చింది. తిప్పుడు చేతికందింది, నీళ్ళు ఆగాయి. ఇటుకలన్నీ వెళ్ళి వెనక గది తలుపుకి అడ్డంగా పడ్డాయి.

"అన్నయ్యా! తలుపు రావట్లేదు! దుమ్ము! ఊపిరాడట్లేదు!" అని లోపల్నుంచి కేక.

ఆ తలుపు బయటికి తెరుచుకునే రకం. కిటికీకి ఊచలు. బావమరిది సుత్తి ఎత్తాడు.

"ఆగు! అది మీ అక్క గోడరా! అది పోతే నేను ఈ ఇంట్లో ఉండలేను!"

"అక్క గోడ ముఖ్యమా, మనిషి ప్రాణమా?"

లోపల దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. న్యాయంగారు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "కొట్టు" అన్నాడు.

గోడతో పాటు తలుపూ పడింది. మరాయన బట్టలతో సహా బయటికొచ్చాడు, గోడ సున్నమంతా మీద రాలి తల నుంచి కాలిదాకా తెల్లగా. ఆ రోజు సున్నం పడింది ఆయన ఒక్కడికే.

పొద్దు వాలుతుండగా కొలతల అమ్మాయి టేపు పట్టుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడితే వెనక పెరటి కిటికీదాకా ఒకటే చూపు. అమ్మాయి అడుగు ముందుకి వేయలేదు.

"ఇది... ఇల్లేనాండీ?"

"ఇల్లే తల్లీ. ఒకటే గది. కావాలంటే లెక్కపెట్టుకో." ధీమాగా అన్నాడు న్యాయంగారు, కాలితో ఇటుకలు పక్కకి నెడుతూ.

"మా దగ్గర మూడు గదులని ఉందే?"

"మూడేంటమ్మా, పొద్దున ఐదుండేవి!"

"వంటిల్లు, సామాన్ల గది లెక్కలోకి రావండి. నిన్న ఆఖర్న ఆ మాట కూడా తేల్చారు. మూడు గదులవాళ్ళకి పన్ను తగ్గించారు కూడా."

న్యాయంగారు ఇటుకల మీద కూలబడ్డాడు. మరాయన ముఖం వెలిగింది గాని, బాగుండదని వెంటనే ఆర్పేసుకున్నాడు.

"అయితే ఒకటే గదంటే ఇంకా తగ్గాలి కదమ్మా?" అన్నాడు బావమరిది ఆశగా.

"లోపల గోడల్లేనిది ఇల్లు కాదండి, గోదాము. గోదాముకి నాలుగింతలు."

"నాలుగింతలా! నేను అభ్యంతరం చెప్తాను! ఎక్కడ చెప్పాలి?"

"అభ్యంతరాల విభాగం ఒకటి ఉండేదండి. ఖర్చులు తగ్గించమన్నారని నిన్న ఎత్తేశారు."

న్యాయంగారు మెల్లగా మరాయన వైపు తిరిగాడు. మరాయన చెవిలోని సున్నం తీసుకోవడంలో మునిగిపోయి ఉన్నాడు.

అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ఆవిడ వచ్చింది. చూసింది. అరుస్తుందని ముగ్గురూ చెవులు మూసుకోబోయారు. అరవలేదు. దాంతో ఇంకా భయపడ్డారు.

"నా గదేదీ?"

న్యాయంగారు చెయ్యెత్తి చూపించబోయాడు. చూపించడానికి అక్కడేమీ లేక చెయ్యి దించేశాడు.

ఆవిడ అమ్మాయి వైపు తిరిగింది. "ఇది మళ్ళీ ఇల్లనిపించుకోవాలంటే ఏం కావాలమ్మా?"

"తలుపున్న గది ఒక్కటుంటే చాలండి. నేను వారం ఆగి మళ్ళీ వస్తాను."

"తమ్ముడూ, వెనక గది గోడ ఒక్కటీ కట్టు. సిమెంటు నేను కొంటాను. గడియ లోపలివైపు పెట్టు."

"మరి తక్కిన గోడల సంగతి?" అన్నాడు న్యాయంగారు చిన్న గొంతుతో.

"ఉన్నవాడు ఎక్కువ మోయాలన్నారుగా! గది నాకుంటుంది, పన్ను నేనే కడతాను. మీకు గదీ ఉండదు, పన్నూ ఉండదు. న్యాయమేనా?"

మరాయన దగ్గు వచ్చినట్టు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మాయి కలం తీసి, అయితే ఇంటి యజమాని పేరు కూడా మార్చాలి కదండీ అంది. ఆవిడ తన పేరు చెప్పింది. అమ్మాయి పాతపేరు కొట్టేసి కొత్తది రాసుకుంది.

న్యాయంగారు అభ్యంతరం చెప్పలేదు. ఆ విభాగం ఎత్తేశారు కదా.