సముద్రం వైపు తిప్పిన మూతి

మా పేటలో మిషనుకి జడిసే మగాడు ఇంతవరకూ పుట్టలేదు. తిత్లీ తుఫాను పోయాక దాలయ్య పడవ మొదటిసారి వేటకెళ్లి నిండుగా వచ్చింది. కానీ దారి పొడుగునా సరుగుడు చెట్లు పడి, చేపల వ్యాను అవతలే నిలిచిపోయింది. ఒంటి మనిషి వంగి దూరాలే తప్ప తట్టలతో దాటే సందు లేదు. దాలయ్య తట్టలన్నీ చెట్ల పక్కనే పేర్చి, పడవలో మిగిలిన మంచుదిమ్మలు పైనేసి పరదా కప్పాడు. మంచు కరిగేలోగా దారి తెరుచుకోకపోతే వేటంతా కుళ్లినట్టే.

పొద్దున్నే సాలూరు నుంచి భాస్కర్, కొమ్మలు నమిలి పొట్టు చేసే మిషనును లారీ వెనక కట్టుకుని అవతల దిగాడు. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, లోపలి కత్తుల బోల్టులు బిగించాడు. పొట్టు చిమ్మే గొట్టాన్ని ఖాళీ పొలం వైపు తిప్పాడు. "తువ్వాళ్లు, పైటలు దీని దగ్గరికి తేవొద్దు. కొమ్మ సిక్కుకుంటే నేను కర్రతో తోస్తాను, మీరు సెయ్యెట్టొద్దు" అని చెప్పి టీకి వెళ్లాడు.

దాలయ్య వదిన మరిడమ్మ కొమ్మల్లోంచి దూరి వచ్చింది. "బొట్టయినా ఎట్టకుండా కొత్త మిషను నడిపేస్తాడేటి?"

మా దగ్గర కొత్త పడవకు పూజంటే మూతి సముద్రం వైపుండాలి. మిషనుకు మూతేదని కాసేపు వాదన జరిగింది. మెడెత్తి నిలబడ్డ గొట్టమేనని తేలింది. "తిప్పండ్రా మరి!" అంది మరిడమ్మ. తిప్పి, పసుపు రాసి, బొట్టు పెట్టి, అందరం మళ్లీ ఇవతలికి దూరి వచ్చేశాం.

భాస్కర్ తిరిగొచ్చి, బొట్టు చూసి మురిసి దండం పెట్టాడు. గొట్టం ఇందాక చూసిందే కదా అనుకుని, చెవులకు మూతలు తగిలించి ఇంజను వేశాడు.

చెట్ల మీదుగా పొట్టు వాన మొదలైంది. సరిగ్గా దాలయ్య తట్టల మీద! మిషనుకి జడవని వీరులమంతా పడవ కిందికి దూరాం. ముందు దూరింది నేనే. దాలయ్య ఒక్కడే కొమ్మల్లోంచి పాకి అవతల తేలి, తువ్వాలు ఊపాడు. మెచ్చుకుంటున్నాడనుకుని భాస్కర్ ఇంకో కొమ్మ తోశాడు. దాలయ్య ఇంకా గట్టిగా ఊపాడు. ఇంకా పెద్ద కొమ్మ వెళ్లింది. చివరికి తువ్వాలు కొమ్మలు తోసే నోటిదాకా వచ్చేసరికి భాస్కర్ అదిరిపడి ఆపేశాడు.

"సావడానికొచ్చావేటి, మావా?"

"నా సేపల్ని పాతిపెట్టేసినావు కదరా!"

భాస్కర్ తాళం తీసి, చుట్టూ తిరిగి గొట్టం చూశాడు. "దీన్నెవరు తిప్పినారు?"

ఎవరూ తిప్పలేదు. మరిడమ్మ ఒట్టు కూడా వేసింది.

గొట్టం మళ్లీ పొలం వైపు తిరిగింది. దారి తెరుచుకునేసరికి పొద్దు నడినెత్తి దాటింది. వ్యానులో వచ్చిన వ్యాపారి ధనరాజు పెదవి విరిచాడు. "ఈ ఎండకి ఇంకేటుంటాది, దాలయ్యా?"

దాలయ్య తట్టల దగ్గరికి నడిచాడు. మోకాలిలోతు పొట్టు పక్కకు తోసి పరదా ఎత్తాడు. ఎండను ఆపిన పొట్టు దుప్పటి కింద మంచుదిమ్మలు సగానికి పైగా అలాగే ఉన్నాయి. చెయ్యి పెట్టిన ధనరాజు చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "సల్లగున్నాదిరోయ్!" పైనున్న వంజరం చేప అతడికేసి చూసి కన్ను కొట్టింది.

"తిప్పమన్నది నేనే!" అంది మరిడమ్మ. "తిప్పింది నేను!" "పట్టుకుంది నేను!" అంటూ పేటంతా ఎగబడింది.

ఇందులో వంజరం కన్ను కొట్టడమొక్కటే నా కల్పన. చేపకు రెప్పలుండవని నాకూ తెలుసు.