సున్నా పొగ పల్లె

రవాణా పొగను తగ్గించడంలో అమెరికా, జర్మనీ, జపాన్‌లను ఓడించి, ఖానాపూర్ దగ్గరి కొత్తగట్టుపల్లి ప్రపంచంలోనే మొదటి స్థానంలో నిలిచిందని మంత్రిగారు మైకులో ప్రకటించారు. ఊరు చప్పట్లు కొట్టింది. ఓడిన దేశాలకు కబురందిందో లేదో తెలియదు.

సిద్దిరాములు మాత్రం కొట్టలేదు. అతని బిడ్డ మంజులకు నెలలు నిండాయి. దవాఖానకు పోవడానికి బస్సు అడుగుదామని పొద్దటినుంచి ఎండలో కూర్చున్నాడు.

రవాణా శాఖ జాయింట్ డైరెక్టర్ వంశీధర్‌రావు తెర మీద పొగ లెక్కల గీతలు చూపించారు. ముప్పై ఏళ్లలో ఒక్కో దేశం గీత ఒక్కో తీరుగా ఎక్కింది, దిగింది. కొత్తగట్టుపల్లి గీత ఒకచోట నిట్టనిలువునా కూలి నేలను కరుచుకుంది.

"చూడండి! ఏ దేశమన్నా ఇంత జల్ది తగ్గించిందా?"

"గా యేడే బస్సు, ఆటో, అంబులెన్స్ అన్ని బంద్ పెట్టిండ్రు సారూ" అన్నాడు సిద్దిరాములు.

ఆ ఏడే అతని భార్య ఐలవ్వ పాము కరిచి, నడిదారిలో పోయింది. గీత మరీ సన్నది. ఆమె అందులో పట్టలేదు.

"బస్సన్న మల్ల ఏయించుండ్రి."

"బస్సొస్తే ర్యాంకు పోతది పెద్దమనిషీ. దేశం పరువు!"

"మరి మీరొచ్చిన గిన్ని కార్లు?"

"అవి హైదరాబాద్ ఖాతా. ఆ పొగ మీకు అంటదు."

సిద్దిరాములు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. నల్లగా వచ్చింది. హైదరాబాదుదే.

అంతలో పక్కింటి రమ ఉరుక్కుంటూ వచ్చింది.

"మామా, మంజులకు నొప్పులు మొదలైనయే! మస్తు తండ్లాడుతుంది!"

సిద్దిరాములు మంత్రిగారి కాళ్ల మీద పడ్డాడు. "నీ బాంచెన్ సారూ, ఒక్క కారియ్యుండ్రి!"

మంత్రిగారిది మెత్తని మనసు. వెంటనే కరిగారు. కరిగి వంశీధర్‌రావు వైపు చూశారు.

"ఇయ్యొచ్చు సార్. కానీ ఎక్కేది ఈ ఊరి మనిషి. పొగ ఈ ఊరి ఖాతాల పడ్తది. ర్యాంకు అవార్డు ఇంకా చేతికియ్యలే."

మంత్రిగారు క్షణం కళ్లు మూసుకున్నారు. తెరిచి, తన మెడలోని శాలువాను స్వయంగా తీసి, ఆమెను మోసుకుపోయే మంచం మీద పరవమని ఇచ్చారు.

ఊరివాళ్లు ముగ్గురు నులక మంచం తెచ్చారు. మంజులను పడుకోబెట్టారు. ముందు కొసల కింద సిద్దిరాములు, అంజన్న; వెనక బుచ్చిరాములు, వెంకటి భుజాలు పెట్టారు. ప్రపంచంలోనే మొదటి పొగలేని అంబులెన్స్‌కు మంత్రిగారు పచ్చజెండా ఊపారు. విలేకరుల కోసం మంచాన్ని ఒకసారి వెనక్కి తెచ్చి, మళ్లీ ఊపారు.

వాగు దాటి ఎత్తు ఎక్కుతున్నారు. మంజుల కేకలు పెడుతోంది. సిద్దిరాములు రొమ్ము కొలిమితిత్తిలా ఎగసిపడుతోంది. వెనకే కారులో వస్తున్న వంశీధర్‌రావు అద్దం దించి, చేతిలోని పొగ కొలిచే మీటరు బయటకు పెట్టారు. ముల్లు కదిలింది. ఆయన ముఖం వాడిపోయింది.

"పెద్దమనిషీ, జర రొప్పుడు ఆపుండ్రి. మీరిడిసేది గూడ కార్బన్ డయాక్సైడే!"