పదకొండు మంది పంఖా లాగేవాళ్ళు, ఒక వెండి కప్పు

శాలిబండ వామన్‌రావు గారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. సైదాబాద్‌లో ఉన్న నా చెల్క భూమి మీద జమానత్ కాగితం, అంటే పూచీ పత్రం, రాయించుకోవడానికి ఆయన నాకు నలభై రెండేళ్ళు వచ్చేదాకా ఆగారు. ముప్పై ఏళ్ళప్పుడే రాయించుకుని ఉంటే నాకు బుద్ధి పన్నెండేళ్ళు ముందే వచ్చేది కదా!

ఎందుకంత ఆలస్యం చేశారు వామన్‌రావు గారూ? నేను కనబడలేదా? పొద్దున్నే మీ గుమ్మంలో పాలు పోసేది నేనే కదా!

చదువరులారా, నా పేరు సాయిలు. ఉండేది జహనుమా. పాలవ్యాపారం. చదివింది ఉర్దూలో మూడో జమాత్. తెలుగు తర్వాత పేపర్లు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నదే. అయినా ఈరోజు ఒక గొప్ప సత్యం చెప్పడానికి కలం పట్టాను. ఈ దేశానికి ఇప్పుడు కావలసింది అన్నం కాదు, బట్ట కాదు, నల్లాలో నీళ్ళు కాదు. ఫుట్‌బాల్! ప్రతి ఇంట్లో ఒక ఫుట్‌బాల్ ఆటగాడు ఉండి తీరాలి. మా ఇంట్లో ఉన్నాడు. చూడండి, మేమెంత సుఖంగా ఉన్నామో!

ఆ ఆటగాడు నా తమ్ముడు అంజన్. నాకంటే పదహారేళ్ళు చిన్న. నాయన పోయినప్పుడు వాడికి ఇంకా మాటలు రాలేదు. నేనే ఎత్తుకుని పెంచాను. బర్రెల వెనక పరిగెత్తి పరిగెత్తి వాడి కాళ్ళు గట్టిపడ్డాయి. మైదానంలో లెఫ్ట్ ఔట్. ఎడమ కాలితో కొట్టాడంటే బంతి ఎటు పోయిందో గోల్‌కీపర్ పక్కవాణ్ణి అడగవలసిందే.

అలాంటి కాలును చూసి ఒక సర్కారు శాఖ, అదే మహకమా, ఊరుకుంటుందా? పిలిచి నౌకరీ ఇచ్చింది. ఏ మహకమా అని అడగకండి. పేరు చెబితే వాళ్ళ ఫ్యాన్లు ఆగిపోతాయేమోనని నా భయం.

ఫ్యాన్ల సంగతి ఎందుకు వచ్చిందంటారా? చెబుతాను. డబ్బు తీసుకుని బంతి ఆడడం పెద్దమనుషుల దృష్టిలో తప్పు. అందుకని ఆటకు డబ్బివ్వరు. పంఖా లాగడానికి ఇస్తారు! రిజిస్టరులో అంజన్ ఉద్యోగం తాడు పట్టి గుడ్డ పంఖా లాగడం. గోల్‌కీపర్ పంఖా. ఇద్దరు బ్యాకులు పంఖా. ముగ్గురు హాఫులు పంఖా. ఐదుగురు ఫార్వర్డులు పంఖా. ఆ ఆఫీసులో కరెంటు ఫ్యాన్లు వచ్చి అప్పటికే ఆరేళ్ళు. పాత పంఖాల గుడ్డతో బల్లలు తుడిచేశారు. అయినా పదకొండు మంది పంఖా లాగేవాళ్ళు! ఇంత గాలి లండన్‌లో ఏ ఆఫీసులోనైనా వీస్తుందా?

ఈ ఏర్పాటంతా వామన్‌రావు గారిదే. ఆయన ఆ ఆఫీసుకు హెడ్ గుమాస్తా, క్లబ్బుకు సెక్రటరీ. బంతిని ఆయన ఎన్నడూ కాలితో తాకలేదు. చేత్తో తాకుతారు, ఫోటో తీసేటప్పుడు.

ఆటగాడికి ఖురాక్ కావాలి. పాలు, నెయ్యి, బాదం. పాలూ నెయ్యీ మీరు చూసుకోండి, బాదం క్లబ్బు చూసుకుంటుందన్నారు. పొద్దుకు మూడు సేర్లు తాగించాం, వాడికీ వాడి దోస్తులకూ. బాదం ఇంకా రాలేదు. ఏడేళ్ళే కదా అయింది. దారిలో ఉండి ఉంటుంది.

ఇక పోటీలు! మన దేశంలో ఎన్ని పెద్ద ఊళ్ళున్నాయో అన్ని కప్పులున్నాయి. బొంబాయిలో రోవర్స్ కప్పు. కలకత్తాలో షీల్డు. బెంగుళూరులో ఇంకొకటి. ఏడాది పొడుగునా ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట కప్పు పట్టుకుని నిలబడే ఉంటారు. వాటికోసం మా వాడు థర్డ్ క్లాసులో ట్రంకు పెట్టె మీద కూర్చుని దేశమంతా తిరిగాడు. దేశాటనతో ఎంత లోకజ్ఞానం వస్తుందో తెలుసా? మా అమ్మ బాలమ్మ వాణ్ణి అడిగేది.

"బొంబాయి ఎట్లున్నదిరా?"

"బురద మస్తున్నదే అమ్మా."

"కలకత్తా?"

"గక్కడ గడ్డి మంచిగున్నది. మన బర్రెలను తోలుకపోతే కడుపునిండ మేస్తుండె."

"సముద్రం జూసినవా మరి?"

"గ్రౌండ్ల లేకుండె అమ్మా అది."

వింటున్నారా? నాలుగేళ్ళలో మూడు నగరాలు, మూడు మైదానాలు. ఇంతకంటే ఎవరైనా ఏం చూస్తారు!

బయటి కప్పులేవీ మావాళ్ళకు రాలేదు. వచ్చింది మన ఊళ్ళోనే ఆడే నౌబహార్ కప్పు. ఫసలీ 1351, అంటే ఇంగ్లీషు లెక్కన నలభై రెండో సంవత్సరం. ఫైనల్లో ఎదుటి జట్టు తెల్ల సోల్జర్ల గోరా పల్టన్. వాళ్ళ కాళ్ళకు బూట్లు. మనవాళ్ళ కాళ్ళకు కాళ్ళే. చెరొక గోలు. ఆట అయిపోవస్తోందనగా బంతి అంజన్ దగ్గరికి వచ్చింది. వాడు కొట్టాడు. అదే క్షణంలో ఒక బూటు వాడి మోకాలి మీద పడింది. బంతి లోపలికి పోయింది, మోకాలి చిప్ప పక్కకు పోయింది. రెండు పనులు ఒక్క దెబ్బతో! ఇంత పొదుపు మన ఖజానా వాళ్ళకు చేతనవుతుందా?

వాణ్ణి భుజాల మీద మోసుకొచ్చారు. గెలిచిన సంతోషంతో మోస్తున్నారని జనం ఈలలు వేశారు. వాడు నడవలేకపోతే మోశారు.

ఇప్పుడు కప్పు. అది వెండిది, మూరెడు ఎత్తు. గెలిచినవాళ్ళ దగ్గర ఏడాది ఉంటుంది, తర్వాత వాపసు. మధ్యలో ఏమైనా అయితే? అందుకని ఎవరో ఒకరు ఇల్లో భూమో చూపించి జమానత్ ఉండాలి. క్లబ్బుకు ప్రెసిడెంటున్నాడు, ఆయనకు మూడు బంగళాలు. వైస్ ప్రెసిడెంటుకు మామిడి తోట. జమానత్ మాట రాగానే ఒకాయనకు దగ్గు వచ్చింది. ఇంకొకాయనకు ఎక్కడో మోటారు హారన్ వినబడింది. వామన్‌రావు గారు ఇవ్వడానికి సిద్ధమే, కానీ ఏం చేస్తారు పాపం, ఇల్లు భార్య లక్ష్మీకాంతమ్మ గారి పేర ఉంది.

అప్పుడు ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. పదిహేనేళ్ళుగా పాలు పోస్తున్నాను, ఆ చెయ్యి నా మీద పడడం అదే మొదలు.

"సాయిలన్నా, ఇది ఇజ్జత్ సవాల్. గోల్ కొట్టింది మీ తమ్ముడు. కప్పు మీ ఇంట్ల ఉండాల్నా, ఇంకోని ఇంట్లనా?"

"దస్తఖత్ ఏడ పెట్టాలె సార్?" అన్నాను.

కాగితం ఉర్దూలోనే ఉంది, చదవకుండా పెట్టానని ఎవరూ అనుకోవద్దు. చదివాను. మొదటి రెండు పంక్తులు అయ్యేసరికి నా మూడో జమాత్ అయిపోయింది. మిగతావి పెద్ద చదువులవాళ్ళ పంక్తులు. అందులో ఏముందో తర్వాత తెలిసింది: కప్పు తీసుకున్నది తీసుకున్నట్టు వాపసు చేయకపోతే జమానత్ భూమి జప్తు. మా బర్రెలకు ఏడాది గడ్డి వచ్చేది ఆ చెల్క మీదే.

కప్పు ఇంటికి వచ్చింది. అమ్మ పసుపు కుంకుమ పెట్టి దేవుడి పక్కన నిలబెట్టింది. జహనుమా అంతా వచ్చి చూసిపోయింది. పక్కింటి వైకుంఠం తపాలా ఆఫీసులో పనిచేస్తాడు, ఇంగ్లీషు వస్తుంది. కప్పు తిప్పుతూ దాని మీద చెక్కి ఉన్నవన్నీ చదివి వినిపించాడు. ఫలానా పల్టన్, ఫలానా సంవత్సరం. ఇంకో పల్టన్, ఇంకో సంవత్సరం. పద్దెనిమిది పేర్లు!

మా అమ్మ ముఖం మాడిపోయిందట. నేను అప్పుడు ఊళ్ళో లేను, బర్రెల సంతకు పోయాను.

మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. మీ ఇళ్ళల్లోనూ ఉంటుంది. గిన్నె కొనగానే పేరు చెక్కిస్తాం. పెళ్ళికి నాలుగిళ్ళ గిన్నెలు కలిస్తే పేరు చూసి ఎవరివి వాళ్ళు తీసుకుపోతారు. గిన్నె చేతులు మారితే పాత పేరు అరగదీయించి కొత్త పేరు వేయిస్తాం. పరాయి పేరున్న గిన్నె ఇంట్లో పెట్టుకున్నవాణ్ణి లోకం ఏమంటుందో నేను వేరే చెప్పాలా? అలాంటిది ఒకటి కాదు, పద్దెనిమిది పరాయి పేర్లు!

అమ్మ ఏం రాయించాలో వైకుంఠం చేత తెలుగులో ఒక చిట్టీ మీద రాయించుకుంది. కప్పును చీర కొంగులో చుట్టుకుని లాడ్ బజార్ పోయింది. అక్కడ గిన్నెల మీద పేర్లు చెక్కే ఖాజా మియా అద్దాలు సవరించుకుని అడిగాడట.

"అమ్మా, ఇన్ని నామాలు మిటాయించాల్నా? సబ్ కే సబ్?"

"అన్నీ గీకెయ్యి భాయ్. గవన్నీ ఇడిసిపెట్టి పోయినోళ్ళవి. గిప్పుడు గిది నా కొడుకు సంపాయించిన గిన్నె."

ఎంత తేలికైపోయింది చూడండి చరిత్ర! పద్దెనిమిదేళ్ళ శౌర్యం, ఒక పూట ఆకురాయి పని. ఖాజా మియా కూలీ కింద అర్ధసేరు నెయ్యి తీసుకున్నాడు. వెండి పొడి కూడా ఆయనకే. ఆ తర్వాత చిట్టీ చూస్తూ ఒక్కొక్క అక్షరం బొమ్మ వేసినట్టు చెక్కాడు: "అంజన్ తల్లి బాలమ్మ, జహనుమా."

నేను సంత నుంచి వచ్చేసరికి కప్పు అద్దంలా మెరుస్తోంది.

"ఏం జేసినవే అమ్మా!"

"ఏం జేసిన? దొంగసొమ్ము లెక్కుండె. మనది జేసిన."

నిజం చెబుతున్నాను, కోపం రాలేదు. ఆ నాలుగు మాటలూ మూడుసార్లు చదివాను. కాలికి వెదురుబద్దలు కట్టించుకుని అంజన్ మంచం మీద ఉన్నాడు. కప్పు తీసుకెళ్ళి వాడి ఒళ్ళో పెట్టాను. వాడికి అక్షరాలు రావు. ఎక్కడుంది నా పేరు అని అడిగి, అక్కడ వేలితో తడిమి చూసుకున్నాడు.

వెదురుబద్దలు కట్టిన ఎముకల పహిల్వాన్ రెండు నెలల తర్వాత విప్పాడు. కాలు వంగడం మానేసింది. ఆఫీసు నుంచి హుకుం వచ్చింది: ఆటకు పనికిరానివాడు రిజిస్టరులో ఉన్న పని చేయాలి. న్యాయమే కదా! అంజన్ కర్ర పట్టుకుని నౌకరీలో మొదటిసారి ఆఫీసు లోపలికి పోయాడు.

"పంఖా ఏడున్నది సార్?" అని అడిగాడు.

వామన్‌రావు గారు తల పైకెత్తి గిర్రున తిరుగుతున్న ఫ్యాన్‌ను చూశారు. "పంఖా లేదు అంజన్."

"మరి నేనేం లాగాలె?"

"నేను పై ఆఫీసర్లకు రాసింది గదే. లాగెతందుకు ఏం లేనప్పుడు, లాగెటోడు ఎందుకు?"

ఎంత చక్కటి లెక్క! మిగిలిన పదిమంది మాత్రం లేని పంఖా ఇప్పటికీ లాగుతూనే ఉన్నారు. ఆ గాలికే ఆఫీసు చల్లగా ఉంది.

ఎనిమిదో నెలలో కప్పును ఏదో దర్బారులో చూపించాలని పోటీ నడిపే కమిటీ తెప్పించుకుంది, నేనే తీసుకుపోయాను. అక్కడి పెద్దాయన దాన్ని ఒకసారి తిప్పాడు. రెండోసారి తిప్పాడు. మూడోసారి తలకిందులు చేసి చూశాడు.

"పేర్లేవి?" అన్నాడు.

"లాడ్ బజార్ల పొడి అయినయి సార్," అన్నాను. అబద్ధం చెప్పడం నాకు రాదు. అదే నేర్చుకుని ఉండవలసింది.

తీసుకున్నది తీసుకున్నట్టు వాపసు రాలేదు. జమానత్ ఇచ్చినవాడు జహనుమా సాయిలు. క్లబ్బుకు సంబంధం లేదని వామన్‌రావు గారు రాసిచ్చారు. చెల్క వేలానికి వచ్చింది. కొన్నది ఎవరో నేను చెప్పను, మర్యాద కాదు. వామన్‌రావు గారి బామ్మర్ది పేరు మురళీధర్ అని మాత్రం చెబుతాను.

గడ్డి పోయింది కనుక తొమ్మిది బర్రెల్లో ఆరు అమ్మేశాను. మేపే పని తగ్గింది. తీరికే తీరిక! ఈ తీరికలోనే కదా ఇవాళ మీకోసం రాయగలుగుతున్నాను. అంజన్ కుంటుకుంటూ మూడు బర్రెల పాలు వాడుక ఇళ్ళకు పోసి వస్తాడు. దారిలో జనం గుర్తుపట్టి "ఓ లెఫ్ట్ ఔట్!" అని కేకేస్తారు. బదులుగా వాడు చెంబు ఎత్తి చూపిస్తాడు. చూశారా, వాడి చేతిలో కప్పు ఇంకా ఉంది!

కనుక ఫుట్‌బాల్‌ను మించిన వరం లేదు. ఇకమీదట మీ బర్రెలను అమ్మి, భూములు జమానత్ పెట్టి, పిల్లల మోకాళ్ళను దేశానికి ఇవ్వండి. ఇంతవరకు చదివి, ఇదంతా సాయిలు చెల్క కోసం ఏడుపు అనుకుంటున్నారు కదూ? కాదు.

మొన్న దసరాకు ఆ కప్పును ఒక అంగడి అద్దంలో ప్రదర్శనకు పెట్టారు. నేనూ అంజనూ పోయి చూశాం. పాత రిజిస్టరు ముందు పెట్టుకుని పద్దెనిమిది పేర్లూ మళ్ళీ చెక్కించారు, ఒక్క పల్టన్ తప్పిపోలేదు. పంతొమ్మిదో పేరు మా మహకమాది. దాని కింద కొంచెం పెద్ద అక్షరాలతో: సెక్రటరీ వామన్‌రావు.

అంజన్ అద్దం మీద వేలు పెట్టి, "అన్నా, నా పేరు గిక్కడనేనా ఉండె?" అన్నాడు.

"గక్కడనే," అన్నాను.

వామన్‌రావు గారూ, చెల్క మీ బామ్మర్ది దగ్గరే ఉండనివ్వండి. గోలు కొట్టినవాడి పేరు కప్పు అడుగున, బల్లకు ఆనేచోట, ఎవరికీ కనబడకుండానైనా సరే, చెక్కించరాదా? అర్ధసేరు నెయ్యి నేనే ఇస్తాను.

చెక్కించరని తెలుసు. ఏడు నెలలు వాడి పేరు వెండి మీద ఉంది. దానికి నేను పెట్టిన ఖర్చు: సైదాబాద్ చెల్క, రెండెకరాల పదకొండు గుంటలు, బావితో సహా.