ప్లీడరు గారి ప్యాంటు మీద గీత

దర్జీ భార్యకు ఉన్న పెద్ద భయం ఒక్కటే, తన కూతురికి రాయడం రాదేమోనని. తన చదువు ఏడో తరగతిలోనే ఆగిపోయింది. సంతకం పెట్టమంటే ఇప్పటికీ చెమటలు పడతాయి. నాలుగేళ్ళు నిండిన బుడ్డది చూస్తే, పెన్సిల్‌ని రోకలిలా గుప్పిట బిగించి కాగితానికి చిల్లు పెడుతుంది.

బళ్ళో టీచరమ్మను అడిగితే ఆవిడ నవ్వేసింది. "పెన్సిలుకి తొందరేం లేదమ్మా. ముందు వేళ్ళకి బలం రానివ్వండి. పిండి పిసకనివ్వండి, బట్టల క్లిప్పులు నొక్కనివ్వండి. పట్టు కుదిరితే రాత దానంతటదే వస్తుంది."

ఏ మాటైనా సగం విని ఊరుకునే మనిషి కాదామె. ఇంట్లో ఉన్న పెన్సిళ్ళన్నీ ఏరి అటకెక్కించింది. మర్నాడు పొద్దున్నే పనులు పంచింది. మొగుడు ముందు గదిలో షాపు చూసుకోవాలి, బుడ్డది వెనక గదిలో పిండి పిసకాలి, తను మధ్యలో తిరగాలి.

అంతలో ప్లీడరు గారు హడావిడిగా వచ్చారు. కొత్త ప్యాంటు నేల ఊడుస్తోంది, అవతల వాయిదా ఉంది, అంగుళం తగ్గించాలి. తెర చాటుకెళ్ళి ప్యాంటు విప్పి చేతికిచ్చి, అక్కడే స్టూలు మీద కూర్చున్నారు. దర్జీ దాన్ని బల్ల మీద పరిచి, గుర్తు పెట్టే పెన్సిల్ కోసం వెతికాడు. చెవి వెనక కూడా లేదు. లోపలికెళ్ళి పెళ్ళాన్ని నిలదీశాడు. పిల్లకి అందకూడదని దాచానంది. నేనూ పిల్లనేనా అన్నాడు. మాటా మాటా పెరిగింది.

ఈ సందులో, పిండితో విసిగిపోయిన బుడ్డది షాపులోకి నడిచింది. బల్ల మీద ప్యాంటు ఉంది. ప్యాంటు అంచు కింద, దర్జీ కంటపడని సుద్దబిళ్ళ ఉంది.

ఆ షాపులో ఒక పద్ధతుంది. ఒకరు గీస్తే ఇంకొకరు కోస్తారు. గీసిన గీతను మళ్ళీ కొలిస్తే గీసినవాళ్ళని అవమానించినట్టే. భార్య విసురుగా షాపులోకొచ్చి చూస్తే, గీత అప్పటికే ఉంది. గీసి పెట్టుకుని మరీ గొడవకొచ్చాడని ఆమెకి ఒళ్ళు మండింది.

"గీత ఉందిగా, ఇంకేం కావాలి? కొయ్యండి."

ఆమే గీసిందనుకున్నాడు వెనకే వచ్చిన దర్జీ. కళ్ళు పెళ్ళాం మీద, కత్తెర గీత మీద. రెండు కాళ్ళూ ఒకేసారి తెగాయి. కింద పడింది అంగుళం కాదు, మోకాలి నుంచి పాదం దాకా.

"ఇదెక్కడి గీతే?"

"నన్నంటారేం? మీరు గీసిందేగా."

"నేనెప్పుడు గీశాను?"

బల్ల కింద చప్పుడైతే ఇద్దరూ వంగి చూశారు. బుడ్డది బొటనవేలికీ రెండు వేళ్ళకీ మధ్య సుద్దబిళ్ళను పొందికగా పట్టుకుని, నేల మీద ఇంకో గీత లాగుతోంది.

దర్జీ తల పట్టుకున్నాడు. ఆమె మాత్రం తెగిన ముక్కను వెలుతుర్లో పట్టి చూసింది. అంచున సుద్ద ఎక్కడా వంకర పోలేదు.

"ఏమండీ, దీనికి రాత వస్తుందండీ," అంది.

అతను అంచును వేలితో తడిమాడు. కోపం రావాల్సినంత రాలేదు. "నేను గీసినా ఇంతే," అని ఒప్పుకున్నాడు.

టీచరమ్మకి చూపించి తీరాలని ఆమె పిల్లని చంకనెత్తుకుని, ప్యాంటు ముక్కతో సహా బయల్దేరింది. తలుపు దగ్గరగా వేసి దర్జీ కూడా వెంటపడ్డాడు.

మీరెవరైనా ఆ వీధిన వెళ్తుంటే, తెర వెనక ప్లీడరు గారు ఎలా ఉన్నారో ఒక్కసారి చూసి రండి. చేత్తో ఓ దుప్పటి పట్టుకెళ్ళండి.